నీళ్లకు అడ్డం నిలిచిందెవరు?

(వరంగల్‌లో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ భూగర్భశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, మైకులో గాలి మోత తప్ప నా గొంతు వినపడేట్టు లేదు. ఆ, చాలు.

నన్ను పిలిచినప్పుడు ‘సహజ సరస్సులు, మానవ నిర్మిత సరస్సులు’ అని టాపిక్ ఇచ్చారు. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి ఇటు కొల్లేరు, పులికాట్, అటు హుస్సేన్ సాగర్, పాకాల అని రాస్తే పరీక్షకు సరిపోతుంది. ముప్పై ఏళ్లు నేనూ అలాగే రాయించాను. రిటైరయ్యాక చెరువు కట్టల మీద తిరగడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఆ నిలువు గీత మీద నమ్మకం తగ్గిపోయింది.

ఇప్పుడు ఏ చెరువు దగ్గరికి వెళ్లినా నీళ్లను తర్వాత చూస్తాను. ముందు ఒక్కటే వెతుకుతాను: ఈ నీళ్లకు అడ్డం నిలిచిందెవరు? నీరు పల్లమెరుగు అంటాం కదా. పల్లానికి పోవాల్సిన నీరు ఇక్కడ ఆగిందంటే ఏదో ఒకటి ఆపి ఉండాలి. ఇసుక కావచ్చు, ఒండ్రు కావచ్చు, కొండ కావచ్చు, మనిషి కావచ్చు. అదెవరో తెలిస్తే ఆ సరస్సు పుట్టుక తెలిసినట్టే.

మన భాషకు ఈ సంగతి ముందే తెలుసు. చెరువు అన్న మాట చూడండి. పాత తెలుగులో దాన్ని బండి ‘ఱ’తో చెఱువు అని రాసేవాళ్లు. చెర అంటే బందిఖానా, దాన్నీ బండి ‘ఱ’తోనే రాసేవాళ్లు, చెఱ అని. రెండూ ఒకే ధాతువు బిడ్డలని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. తమిళంలో ‘చిరై’ అంటే జైలూ అవుతుంది, ఆనకట్టా అవుతుంది. కన్నడం వాళ్ల ‘కెరె’ కూడా ఈ కుటుంబమే. అంటే చెరువులో ఉన్నది చెర పట్టిన నీరన్నమాట. సరస్సు, తటాకం అన్న సంస్కృత మాటల్లో నాకు ఇంత సుఖం కనపడదు.

ఇక మన నేల సంగతికి వద్దాం. తెలంగాణలో, రాయలసీమలో మనిషి చెయ్యి పడకుండా పుట్టిన పెద్ద సరస్సు ఒకటి చెప్పండి. ఎవరైనా... భద్రకాళి చెరువా? కాదమ్మా, అదీ కాకతీయుల కాలం నాటి కట్టే. రామప్ప? లక్నవరం? అన్నీ కట్టినవే. మీకు తట్టకపోవడం మీ తప్పు కాదు, చెప్పుకోదగ్గది లేదు.

ఎందుకు లేదంటే, సహజంగా పెద్ద గొయ్యి పడాలంటే నేలకు ఏదో ఒక పెద్ద సంఘటన జరగాలి. హిమాలయాల్లో మంచు దిగుతూ రాతిని గీరి గోతులు చేసింది. కొన్ని దేశాల్లో భూమి చీలి కుంగింది. కొన్నిచోట్ల అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిలిచాయి. మహారాష్ట్రలో లోణార్ దగ్గర ఉల్క పడి గొయ్యి అయింది. మనకు వీటిలో ఏదీ దక్కలేదు. మన కాళ్ల కింద ఉన్న రాయి వయసు ఇంచుమించు 250 కోట్ల ఏళ్లు. అంత పాత నేల మీద వాగులకూ నదులకూ కావలసినంత టైం దొరికింది. గుంట కనపడితే పూడ్చాయి, గట్టు అడ్డొస్తే కోశాయి. చివరికి నీరు ఎక్కడా ఆగకుండా తూర్పుకు జారిపోయే ఏటవాలు మిగిలింది. వాన చూస్తే నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలు ఏం తాగాలి, ఏం పండించాలి? ఈ ప్రశ్న నుంచే మన చెరువులన్నీ పుట్టాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు సముద్రం ఒడ్డుకు పోదాం. సహజమైనవి అక్కడ ఉన్నాయి.

మా అమ్మమ్మగారిది కొల్లేటి లంక. చిన్నప్పుడు వానాకాలం సెలవులకు ఆ ఊరు పడవ మీదే వెళ్లేవాళ్లం. పడవ అడుగు కిక్కిస గడ్డికి రాసుకుంటూ గరగరమనేది. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, నాకు లోపల భయం. లోతెంత తాతా అని అడిగితే పడవ నడిపే ఆయన మాట్లాడకుండా గెడ నిలువునా దించి, పైకి తీసి, తడిసిన మేర చూపించాడు. నా మెడ దాకా కూడా లేదు. ఆయనకైతే నడుము లోతు. అంత పెద్ద సరస్సు, లోతు చూస్తే ఇంతే! ఆ రోజు నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది, ఇంతసేపూ దీనికా భయపడింది అని.

ఆ నడుము లోతులోనే కొల్లేరు చరిత్ర అంతా ఉంది. మ్యాపు తీయండి. పైన గోదావరి, కింద కృష్ణ. రెండూ ఒండ్రు తెచ్చి పోసుకుంటూ సముద్రంలోకి ముందుకు జరిగాయి. రెండు డెల్టాలూ చెరో పక్క పొడుచుకొస్తుంటే నడుమ తీరం లోపలికి వంగి ఉండిపోయింది. సుమారు 6 వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటి కొల్లేరు దక్షిణపుటంచు దాకా ఉండేది. తర్వాత అలలు ఇసుకను గట్లు గట్లుగా పేర్చాయి. నదుల ఒండ్రు రెండు వైపుల నుంచీ కమ్ముకొచ్చింది. వంపులో ఉన్న సముద్రపు ముక్క వెనక్కి పోలేక ఉండిపోయింది. ఇవాళ సముద్రం అక్కడికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంటే కొల్లేరును ఎవరూ తవ్వలేదు, నేల కుంగి ఏర్పడిందీ కాదు. రెండు నదులు చుట్టూ నేల కట్టుకుంటూ పోతుంటే నడుమ కట్టకుండా వదిలేసిన జాగా అది. అందుకే లోతు ఉండదు, వెడల్పు ఉంటుంది.

తమ్మిలేరు, బుడమేరు లాంటి ఏళ్లు మంచినీళ్లు తెచ్చి పోస్తూ ఉంటే ఉప్పు మెల్లగా కడిగేసుకుపోయింది. ఇప్పుడది మంచినీటి సరస్సు. కింది పొరల్లో మాత్రం ఉప్పునీటి సూక్ష్మజీవుల గుల్లలు దొరుకుతాయి. ఇంకో సాక్ష్యం పైనే ఉంది. కొల్లేటి నీరు సముద్రానికి పోయే దారి పేరు ఉప్పుటేరు. వంకరలు తిరుగుతూ అరవై కిలోమీటర్లు పోతుంది. వాలు ఎంత తక్కువంటే, పోటు సమయంలో సముద్రపు నీరు ఆ ఏట్లో వెనక్కి నడిచొస్తుంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు.

పులికాట్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. నెల్లూరు వైపు దాన్ని ప్రళయకావేరి అంటారు. వినడానికే ఎంత బాగుందో చూడండి. దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. అక్కడ అడ్డం నిలిచింది ఇసుక. తీరం వెంబడి అలలూ ప్రవాహాలూ ఇసుకను మోసుకెళ్లి పొడవాటి దిబ్బగా పేర్చాయి. దిబ్బకు ఆ వైపు బంగాళాఖాతం, ఈ వైపు చిక్కుకున్న నీరు. ఆ దిబ్బ పేరు మీ అందరికీ తెలుసు, శ్రీహరికోట. టీవీలో రాకెట్ లేచేటప్పుడు కనపడే నేలంతా ఆ ఇసుక అడ్డుకట్టే. సూళ్లూరుపేట నుంచి అక్కడికి పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. చలికాలంలో ఆ దారిన వెళ్తే రెండు పక్కలా ఫ్లెమింగోలు కనపడతాయి. వాటి కాళ్లు చూసి లోతు చెప్పేయొచ్చు. అదీ మోకాటి లోతు సరస్సే.

పులికాట్ దగ్గర ఒక తమాషా ఉంది. మిగతా చెరువుల దగ్గర కట్ట తెగకుండా చూడండి మొర్రో అంటారు. అక్కడ జాలర్లు అడిగేది తెరవమని. ఇసుక దిబ్బలో సముద్రానికి ఉన్న ముఖద్వారాలు మేట వేసి మూసుకుపోతాయి. స్వర్ణముఖి, కాళంగి తెచ్చే నీరు వానాకాలంలోనే. వేసవిలో సముద్రపు పోటు కూడా లోపలికి రాకపోతే సరస్సు ఎండి ఉప్పు తేలుతుంది. చేపా ఉండదు, రొయ్యా ఉండదు. పూడిక తీసి ముఖద్వారం తెరిపించండని ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఇసుక దిబ్బ కట్టింది ప్రకృతే. దానికి తలుపు తీసి ఉంచడం మాత్రం మనిషి పని అయిపోయింది. నా నిలువు గీత మొదట చెరిగింది ఇక్కడే.

అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవ ఉంది. మూడు పక్కలా కొండలు, నడుమ నీరు. ఆవ అంటే ఆ ప్రాంతంలో నీరు నిలిచే పల్లపు నేల. తాటి మొద్దుల్ని తొలిచి, రెండేసి జోడించి దోనెలు చేస్తారు. ఒకసారి ఎక్కాను, దిగేదాకా ఊపిరి బిగపట్టుకునే కూర్చున్నాను. (నవ్వులు) దాని గురించి ఇంతే చెబుతాను. మీరు చూడాల్సింది, నేను వర్ణించాల్సింది కాదు.

సరే, మన వైపు వద్దాం. 2016 ఎండాకాలం అనుకుంటాను. మిషన్ కాకతీయ నడుస్తోంది. 46 వేలకు పైగా చెరువులూ కుంటల పూడిక తీయాలని 2015లో మొదలైన పథకం అది. ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊళ్లో జేసీబీ చెరువులో లోతుగా గుంత తీసింది. నల్ల మట్టి కోసం ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. గట్టు మీద ముసలి నీరటి ఒకాయన బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. చెరువు నీళ్లు ఎవరి మడికి ఎంత వదలాలో చూసేది నీరటి. నేను మాట కలుపుదామని అడిగాను.

“ఈ చెరువు ఎవరు తవ్వించారు పెద్దాయనా?”

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. “చెరువును ఎవలన్న తవ్వుతరా సారూ? బాయిని తవ్వుతరు. చెరువును కడతరు.”

నేను భూగర్భశాస్త్రం పాఠం చెప్పి పెన్షన్ తీసుకుంటున్నవాణ్ని. నాకు ఆయన ఒక్క వాక్యంలో పాఠం చెప్పాడు. రాజులు చెరువులు తవ్వించారు, చెట్లు నాటించారు అని చిన్నప్పటి నుంచి బట్టీ పట్టాం. చెరువును తవ్వరు. కోనేరు తవ్వుతారు, బావి తవ్వుతారు. చెరువుకు ఒక్క పక్క కట్ట పోస్తారు, మిగతా మూడు పక్కలూ నేలే చూసుకుంటుంది. అంటే ఎక్కడ ఒక్క పక్క అడ్డం వేస్తే సరిపోతుందో కనిపెట్టాలి. అసలు విద్య అదే.

ఆయన దగ్గర సెలవు తీసుకుని ఆ గుంతలోకి దిగాను. గోడ కోసినట్టు నిలువుగా ఉంది. అట్టడుగున ఎర్ర మొరం, గునపం దిగనంత గట్టిగా. దాని మీద బెత్తెడు మందాన గోధుమ రంగు మట్టి, సన్నటి వేళ్ల జాడలతో. అది ఒకప్పటి నేల. ఎవరో నడిచిన నేల, గొడ్లు మేసిన నేల. దాని మీద నుంచి నల్ల ఒండ్రు మొదలైంది, నా ఎత్తున. మధ్యమధ్యలో దారం పోగంత ఇసుక చారలు. వాగు గట్టిగా వచ్చిన ఏడు ఇసుక వస్తుంది, మామూలు ఏడు మెత్తటి మట్టే వస్తుంది. నత్త గుల్లలు వేలితో గీరితే ఊడొచ్చాయి. గోధుమ రంగు ఆగి నలుపు మొదలైన చోట గీత గీసినట్టు ఉంది. దాని మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఆ చెరువు పుట్టింది అక్కడ. కొల్లేట్లో ఇలాంటి గీత దొరకదు. అక్కడ ఉప్పు నుంచి మంచినీటికి మార్పు మెల్లగా, తరాల తరబడి జరిగింది. ఇక్కడ ఒక వేసవి దాకా పొలం, ఆ వానాకాలం నుంచి చెరువు. పైనుంచి ట్రాక్టర్ డ్రైవర్, “సార్, జరుగుర్రి, బకెట్ దిగుతది” అని అరిస్తే గానీ కదల్లేదు.

ఇప్పుడు మీ జిల్లాల చెరువులు చూడండి. పాకాల, రామప్ప, లక్నవరం. మూడూ గుట్టల నడుమ సందుల్లోనే ఉన్నాయి. పొలాల మధ్య కుంటకు పొడుగాటి కట్ట పోయాలి. గుట్టల సందులో చిన్న కట్ట పోస్తే పెద్ద నీరు నిలుస్తుంది. పాకాల కట్టించింది జగదాల ముమ్మడి, గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దపు తొలినాళ్లలో. రామప్ప గుడీ చెరువూ రేచర్ల రుద్రుడివి. గుడి శాసనం 1213 నాటిది. బయ్యారం చెరువు గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ కట్టించింది, దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు. ఆ చెరువు శాసనమే లేకపోతే కాకతీయుల వంశవృక్షంలో సగం మనకు తెలిసేది కాదు. గమనించారా, ఎక్కువ చోట్ల కట్టించింది రాజు కాదు. సేనాని, ఆడపడుచు, మంత్రి. పాత లెక్కలో సప్త సంతానాలని ఏడు ఉండేవి: కొడుకు, గుడి, చెరువు, తోట, అగ్రహారం, నిధి, కావ్యం. కొడుకు లేకపోయినా చెరువు ఉంటే పేరు నిలుస్తుందని. రాయలసీమలో ఇంకాస్త లెక్కగా ఉండేది. చెరువు కట్టి బాగు చేయించేవాడికి దాని కింద కొంత భూమి దశబంధం ఇనాంగా దక్కేది. పుణ్యమూ పురుషార్థమూ రెండూ.

సందు వెతికే విద్య పరాకాష్ఠ చూడాలంటే కంభం వెళ్లండి. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో ఉంది. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి రెండు కొండల మధ్య ఇరుకులోంచి దూరుతుంది. ఆ ఇరుకును 57 అడుగుల ఎత్తు కట్టతో మూసేశారు, అంతే. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద పడ్డ వాన అక్కడ ఆగిపోయింది. కట్టించింది శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని చెబుతారు. కట్ట మీద నిలబడితే ఇంత చిన్నదా అనిపిస్తుంది, నీళ్ల వైపు తిరిగితే ఇంత పెద్దదా అనిపిస్తుంది. రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరిగి చూడండి. నవ్వుకుంటారు.

కడప జిల్లా పోరుమామిళ్ల దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. మా ఆవిడ ఈ చెరువు పేరు ఎత్తితే లేచి వంటింట్లోకి పోతుంది, అంతగా చెప్పాను. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించి శాసనం వేయించాడు. భాష సంస్కృతం, లిపి తెలుగు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మామూలుగా శాసనాల్లో సగం పొగడ్తలుంటాయి. ఇందులో దానితో పాటు చెరువుకు ఉండాల్సిన పన్నెండు సాధనాలూ, ఉండకూడని ఆరు దోషాలూ రాశారు. రాతి మీద చెక్కిన ఇంజనీరింగ్ మాన్యువల్ అనుకోండి.

సాధనాల్లో మొదటిది డబ్బున్న ధర్మాత్ముడైన రాజు. అది రాయక తప్పదు, ఖర్చు ఆయనదే కదా. రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు. మూడోది గట్టి బంకమట్టి నేల. చూడండి, రాజు తర్వాత ఇంజనీరు, ఇంజనీరు తర్వాత సాయిల్ టెస్ట్. ఆ తర్వాత మూడు యోజనాల దూరం నుంచి వచ్చే మంచినీటి ఏరు. నీటిని తాకే కొండ, ఆ కొండ భాగాల నడుమ రాతితో గట్టిగా కట్టిన కట్ట, అదీ మరీ పొడుగు కాకూడదు. దగ్గర్లో తిన్నని పొడవైన రాళ్లు దొరికే గని. పని తెలిసిన మేస్త్రీల గుంపు. ఇందాక నేను కంభం దగ్గర గొప్పగా చెప్పిన సూత్రం అంతకు నూటయాభై ఏళ్ల ముందే రాతి మీద ఉంది.

దోషాలు ఇంకా బాగుంటాయి. కట్టలోంచి నీరు ఊరడం దోషం. చవిటి నేల దోషం. చెరువు నడుమ తాబేలు వీపులా నేల ఉబ్బి ఉండటం దోషం. శాసనంలో ‘కూర్మం’ అనే మాటే వాడారు. నీరు తక్కువై పారాల్సిన పొలం ఎక్కువైతే దోషం. నీరు ఎక్కువై చోటు తక్కువైనా దోషమే. ఇక మిగిలినది, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. 1369లో రాసిపెట్టారు. ఇవాళ ట్రిబ్యునళ్లలో లాయర్లు ఏళ్ల తరబడి వాదిస్తున్నది ఆ ఒక్క దోషం గురించే.

ఆ కాలంలో నీళ్ల ఇంజనీరుకు బిరుదు కూడా ఉండేది. పెనుకొండ దగ్గర 1388 నాటి శాసనంలో సింగయభట్టు అనే ఆయన్ని ‘జలసూత్ర’ అని పిలిచారు. పెన్న నీటిని కాలువలో సిరువేర చెరువుకు తెచ్చి, అక్కడి నుంచి పెనుకొండకు తేవడం ఆయన పని. నాకైతే ఛీఫ్ ఇంజనీర్ అన్న హోదా కన్నా జలసూత్ర అన్నదే దర్జాగా అనిపిస్తుంది.

చెరువు ఒంటరిగా ఉండదు, అది మరిచిపోయాను. మీరు మత్తడి అంటారు, మా వైపు అలుగు, అనంతపురం వైపు మరవ. పై చెరువు మత్తడి దూకిన నీరే కింది చెరువుకు ఆధారం. అందుకే గొలుసుకట్టు అన్నారు. గొలుసుకు ఉన్న సుఖం ఇదీ, ప్రమాదమూ ఇదే. పైన ఒకటి తెగితే ఆ నీరంతా కిందిదాని మీద ఒక్కసారి పడుతుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది కదా. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలిస్తే, ఎగువన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని తేలింది. ఆ వరద ఒక్క వానది కాదు, గొలుసుది. ఆయన సలహా ప్రకారమే ఎగువన పెద్ద జలాశయాలు వచ్చాయి. ఉస్మాన్ సాగర్, మనం గండిపేట అంటామే, అది 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం దశాబ్దాల పాటు తాగిన నీళ్లు ఒక వరద పెట్టిన భిక్ష. 2020 అక్టోబర్‌లో పాతబస్తీ వైపు చెరువు కట్టలు తెగినప్పుడు కూడా జరిగింది అదే గొలుసు కథ, చిన్న సైజులో.

హుస్సేన్ సాగర్ గురించి ఒక్క మాట. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 1562 ప్రాంతంలో కట్టారు, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో. హైదరాబాద్ నగరానికి పునాది పడింది 1591లో. అంటే నగరం మధ్యలో చెరువు లేదు, చెరువు పక్కకు నగరం వచ్చి చేరింది. ట్యాంక్ బండ్ మీద ఐస్‌క్రీం తినేవాళ్లలో ఎంతమందికి తాము చెరువు కట్ట మీద ఉన్నామన్న స్పృహ ఉంటుంది? బండ్ అంటే కట్టేనయ్యా.

ఆ తర్వాత సిమెంటు, యంత్రాల కాలం. మంజీర మీద నిజాం సాగర్, 1923 నుంచి 1931 దాకా కట్టారు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. కృష్ణ మీద నాగార్జున సాగర్, 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేస్తే 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. వీటి గురించి మీకు పాఠాలున్నాయి, నేను సాగదీయను. ఒకటే చెబుతాను. పాత చెరువు కింద పొలం మునిగేది. వీటి కింద ఊళ్లు మునిగాయి, చరిత్ర మునిగింది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల నగరం ఉండేది. నీళ్లు రాకముందే 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వి, దొరికినవి కొన్ని కొండపైకి చేర్చారు. ఆ కొండ ఇవాళ దీవి. శ్రీశైలం వెనక నీటిలో సంగమేశ్వరం గుడి ఉంది. జలాశయం తగ్గిన వేసవిలో బయటపడుతుంది, మళ్లీ వరద రాగానే మునుగుతుంది. జనం ఆ కొన్ని వారాలకే కాచుకుని వెళ్లి దండం పెట్టుకొస్తారు.

టైం అయిపోయిందని మీ సార్ గడియారం చూపిస్తున్నారు. ప్రశ్న ఉంటే ఒకటి రెండు తీసుకుంటాను. ఆ, చెప్పమ్మా.

(ప్రశ్న: అయితే సర్, ఇప్పటి కొల్లేరును ఏ కాలమ్‌లో రాయాలి?)

మార్కులు కావాలంటే సహజం అని రాయి తల్లీ. (నవ్వులు) నిజంగా అడిగితే మాత్రం నా పాత ప్రశ్నే వేస్తాను. అక్కడ ఇప్పుడు నీళ్లకు అడ్డం నిలిచిందెవరు? సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత ఒకటి ఉంది, ఐదో కాంటూరు అంటారు. ఆ లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరింది. అప్పటికే లోపలంతా చేపల చెరువుల గట్లు. 2006లో ప్రభుత్వం ఆ గట్లను తెగ్గొట్టించింది, పేరు ఆపరేషన్ కొల్లేరు. తర్వాత మళ్లీ చాలా గట్లు లేచాయి. ఐదో కాంటూరును మూడుకు తగ్గించమని ఒక వాదన, తగ్గిస్తే సరస్సు చచ్చిపోతుందని ఇంకో వాదన. నేను ఎటువైపో దాచను, తగ్గించకూడదనే అంటాను. కానీ మా అమ్మమ్మగారి ఊళ్లో నా వరస బావమరుదులు చేపల చెరువుల మీదే పిల్లల్ని చదివించుకున్నారు. వాళ్ల ముందు ఈ మాట అన్నప్పుడు నాకు రెండోసారి కాఫీ ఇవ్వలేదు. చెరువు మీద అలిగితే ఏమవుతుందో సామెత మీకు తెలుసు కాబట్టి వాళ్ల మీద అలగలేదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచింది గుర్తుందా? ఆ బుడమేరు పోవాల్సింది కొల్లేట్లోకే. దిగువన నీరు విస్తరించే చోటు తగ్గితే, వచ్చే నీరు ఎగువనే చోటు వెతుక్కుంటుంది. పోరుమామిళ్ల శాసనంలో ఆ దోషం కూడా ఉంది, చూశావుగా. నీరు ఎక్కువ, చోటు తక్కువ.

ఇంకొకరు? లేదా? సరే, రేపటి సంగతి. బస్సు ఏడింటికి, ఆలస్యమైతే ఆగదు. పాకాల కట్ట ఎక్కగానే అందరూ నీళ్ల వైపు సెల్ఫీలకు పోతారని నాకు తెలుసు, పోండి. ఒక పావుగంట అయ్యాక మాత్రం కట్ట వెంట నడిచి, అది గుట్టను ఎక్కడ తాకిందో కనిపెట్టి నాకు చూపించాలి. మట్టి ఎక్కడ ఆగింది, రాయి ఎక్కడ మొదలైంది అని. చెట్లు పెరిగిపోయాయి, అంత సులువుగా దొరకదు. చెప్పులతో రాకండి, బూట్లు వేసుకోండి. నీళ్ల సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోండి.